రేపు రమ్మంటే వెళ్ళిపోయిన దెయ్యం

(అనకాపల్లిలో ఒక సినిమా ప్రొజెక్టర్ ఆపరేటర్ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్మారకోపన్యాసానికి దెయ్యాల సినిమాలేమిటని ఆహ్వాన పత్రిక చూసిన ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. పోయినవాళ్ళు మళ్ళీ మన మధ్యకి వస్తే ఎలా ఉంటుందన్నదే దెయ్యం సినిమా. సంస్మరణ సభ చేసేదీ దాదాపు ఆ పనే, కాకపోతే ఇక్కడ చివర్లో టీ ఇస్తారు. అదీగాక, మనం తలుచుకుంటున్న మనిషికి బాగా తెలిసిన సరుకు ఇదే. ఆయన పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం ఊరంతా పిలిచినట్టు ఆపరేటర్ గారనే అంటాను.

ప్రొజెక్టర్ గదిలో ఆయన పని మీలో కొందరైనా చూసే ఉంటారు. రెండు కార్బన్ కడ్డీల మధ్య వెలుగు చెదరకుండా, అవి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది. అది కనపడగానే రెండో మిషన్ అందుకోవాలి. ఆ చుక్క పడే వేళ తప్ప ఆయన తెర వంక చూసేవారు కాదు. గోడకున్న చిన్న కంతలోంచి హాలునే చూసేవారు. దెయ్యం సినిమా వస్తే మరీను. సెకండ్ షోకి బెల్లం మార్కెట్ కళాసీలు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు, అందరూ ఒక్కసారి కెవ్వుమంటారు. ఆ తరవాత ఏం జరుగుతుందన్నదే ఆయనకి ముఖ్యం. "అరిచిన హాలు వెంటనే నవ్వాలి బాబూ. నవ్వలేదంటే ఆ బొమ్మ రెండో వారం ఉండదు" అనేవారు.

హారర్ కామెడీ గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. అరిచినవాడు ముందు తన అరుపుకి తనే సిగ్గుపడతాడు. పక్కసీటు వాడి వంక చూస్తాడు. వాడూ అరిచాడు. ఇద్దరూ నవ్వుతారు. భయానికీ నవ్వుకీ కావలసిన సరంజామా ఒక్కటే: ముందొక ఊరింపు, తరవాత కాస్త ఆలస్యం, ఆ పైన ఊహించని చోటునుంచి దెబ్బ. ఇంత దగ్గరి చుట్టాలైన ఈ రెంటినీ మన తెలుగు సినిమా ఎలా కాపురం చేయించింది, ఎక్కడ తగువు పెట్టింది అన్నదే నేనివాళ మాట్లాడదలచుకున్నది. ముసుగు వేసుకుని కత్తి పట్టుకుని ఒక్కొక్కరినే చంపుకుపోయేవాడి కథలు, వీటినే స్లాషర్ అంటారు, అమెరికాలో నవ్వుతో కలిసి అంత బాగా ఆడాయి కదా, అవి మన దగ్గర ఎందుకు పాతుకోలేదో కూడా చెప్పాలని ఉంది.

సినిమాకన్నా ముందు గోడలతో మొదలుపెడతాను. "ఓ స్త్రీ రేపు రా" అన్న రాత నా వయసువాళ్ళు మరచిపోయి ఉండరు. బొగ్గుతోనో, సుద్దముక్కతోనో, పసుపుతోనో తలుపుల మీద రాసేవారు. రాత్రిళ్ళు ఒక ఆడదెయ్యం వీధులెంట తిరుగుతోందని పుకారు. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, పలికితే చచ్చినట్టే. ఆంధ్రలో, తెలంగాణలో, కన్నడ దేశంలో కూడా వేరు వేరు కాలాల్లో ఈ పుకారు షికారు చేసింది. కన్నడంలో వాళ్ళు రాసుకున్నది "నాళె బా", అంటే రేపు రా.

దీని తమాషా చూడండి. దెయ్యాన్ని ఎదిరించడానికి కత్తి లేదు, మంత్రం లేదు, తాయెత్తు కూడా లేదు. వాయిదా ఉంది. దెయ్యానికి చదువొచ్చు, పైగా నిజాయితీ కూడా ఉంది. రేపు రమ్మన్నారు కాబట్టి వెళ్ళిపోతుంది, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుని మళ్ళీ వెళ్ళిపోతుంది. తాలూకా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన జాతికి తప్ప ఈ విరుగుడు తట్టదు. రాసినవాళ్ళు నవ్వులాటకి రాయలేదు, నిజంగా భయపడే రాశారు. ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు సరిచూసుకునే పడుకున్నారు. భయం, నవ్వు ఒకే తలుపు మీద, ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇది మన గడప మీదే పుట్టిన హారర్ కామెడీ.

ఆ వాక్యం సినిమాకెక్కి దేశమంతా తిరిగింది హిందీలో. 2018లో వచ్చిన 'స్త్రీ' మధ్యప్రదేశ్‌లోని చందేరీలో జరుగుతుంది. దర్శకుడు అమర్ కౌశిక్. కథ రాసిన జంట మాత్రం రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే. ఇద్దరూ చిత్తూరు జిల్లా వైపు వాళ్ళు, తిరుపతిలో ఇంజనీరింగు చదువుకున్నవాళ్ళు. అంతకుముందు 2013లో 'గో గోవా గాన్' అని జాంబీల మీద హిందీలో నవ్వుల సినిమా తీసిందీ వీళ్ళే. మన తలుపు మీద రాతని మన కుర్రాళ్ళే మోసుకెళ్ళి చందేరీ గోడల మీద రాసివచ్చారు. మనం దాన్ని సబ్‌టైటిళ్ళతో చూసి ఆహా అన్నాం.

ఇక తెర మీదికి వస్తాను. ఈ విషయంలో మన ఆదిపురుషుడు బి. విఠలాచార్య. ఆయన ఉడుపి వైపునుంచి వచ్చి తెలుగువాళ్ళకి జానపద బ్రహ్మ అయ్యాడు. నటుడు కాల్‌షీట్లకి పేచీ పెడితే ఆ పాత్రని చిలకగానో ఎలుగుబంటిగానో మార్చేసి కథ నడిపించేవాడని పరిశ్రమలో చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, ఆయన సినిమాలు చూసినవాళ్ళెవరూ అనుమానించరు. 1978లో వచ్చిన 'జగన్మోహిని'లో నరసింహరాజు హీరో, జయమాలిని మోహినీ పిశాచం. ఆ సినిమాలో కథ మరచిపోయినవాళ్ళకి కూడా గుర్తుండిపోయిన దృశ్యం ఒకటుంది. కోడలి వేషంలో ఇంట్లో చేరిన దెయ్యం వంట చేస్తోంది. పొయ్యిలో కట్టెలు లేవు. తాపీగా తన కాళ్ళు రెండూ పొయ్యిలో పెట్టి మంట పెట్టుకుంటుంది. మొహంలో ఏ మార్పూ ఉండదు. వంట అవుతూ ఉంటుంది.

ఆ దృశ్యానికి హాలు ముందు అరుస్తుందో ముందు నవ్వుతుందో ఆపరేటర్ గారు కూడా చెప్పలేకపోయారు. ఆడవాళ్ళ వైపునుంచి ఒకరకం చప్పుడు, నేల క్లాసునుంచి ఇంకోరకం చప్పుడు వచ్చేవట. పొయ్యి ఊది ఊది కళ్ళు మండిన ఇల్లాలికి ఆ దెయ్యం మీద కాస్త అసూయ కూడా కలిగి ఉంటుందని నా అనుమానం. ఒకే షాటులో ఒళ్ళు జలదరిస్తుంది, నవ్వొస్తుంది, మన ఇంటి పని గుర్తొస్తుంది. నవ్వించడానికి వేరే హాస్యగాడు రానక్కరలేదు, భయపెట్టడానికి వేరే వాయిద్యం మోగనక్కరలేదు. కలపడమంటే నా లెక్కలో ఇది.

అదే 1978లో అమెరికాలో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' విడుదలైంది. అక్కడా వంటింటి సామానే. మైకేల్ మయర్స్ అనే పిల్లవాడు వంటింట్లోంచి కత్తి తీసుకుని అక్కని పొడిచేస్తాడు. పెద్దయ్యాక పిచ్చాసుపత్రినుంచి తప్పించుకుని వచ్చి మళ్ళీ చంపడం మొదలుపెడతాడు. అతని తెల్లటి ముసుగు నిజానికి 'స్టార్ ట్రెక్' నటుడు విలియం షాట్నర్ పోలికలతో బజార్లో అమ్మే రబ్బరు ముసుగు, దానికే తెల్లరంగు కొట్టారు. ఎందుకు చంపుతున్నాడో సినిమా అయిపోయేదాకా ఎవరూ చెప్పరు. భయమంతా అందులోనే ఉంది. 1960లో హిచ్‌కాక్ 'సైకో' వేసిన దారి ఇది. 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్' ఆ దారిని రోడ్డు చేసింది. పదేళ్ళు తిరిగేసరికి ప్రేక్షకులకి ఈ కథల మర్మాలన్నీ కంఠతా వచ్చేశాయి. అప్పుడు 1996లో వెస్ క్రేవెన్ 'స్క్రీమ్' తీశాడు. అందులోని కుర్రాళ్ళు హారర్ సినిమాలు నమిలి మింగినవాళ్ళు. 'ఇప్పుడే వస్తా' అని బయటికి వెళ్ళినవాడు తిరిగిరాడని వాళ్ళలోనే ఒకడు సూత్రాలు వల్లిస్తూ ఉంటాడు. హంతకుడు కూడా మానవమాత్రుడే. పరుగెత్తబోయి తలుపుకి గుద్దుకుంటాడు, కాలుజారి పడతాడు. పడ్డప్పుడు నవ్వుతాం, లేచినప్పుడు కుర్చీ పట్టుకుంటాం.

'స్క్రీమ్' గొప్ప సినిమాయే. కాని అందులో సూత్రాలు చెప్పే పాత్రని చూసి మన నేల క్లాసు ఏమాత్రం ఆశ్చర్యపడక్కర్లేదు. "ఒరేయ్, లోపలికెళ్ళకురా! లైటెయ్యిరా! ఎనక చూడరా బాబూ!" అని మనవాళ్ళు తెర మీది మనిషికి ఎప్పటినుంచో సలహాలు ఇస్తూనే ఉన్నారు. అమెరికా వాళ్ళు తెర లోపల పెట్టుకోవలసి వచ్చిన వ్యాఖ్యాతని మనం టిక్కెట్టు కొనిపించి హాల్లో కూర్చోబెట్టాం.

మరి స్లాషర్ మనకెందుకు పట్టలేదు? నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది కత్తి. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక ఓ పదేళ్ళపాటు మన తెర మీద కొడవళ్ళు, వేటకత్తులు ఎంత తిరిగాయో మీకు తెలుసు. కాని అవి హీరో చేతిలో ఉన్నాయి. కత్తి పైకి లేస్తే స్లాషర్ చూసేవాడు కళ్ళు మూసుకోవాలి, మనవాడు విజిలేశాడు. కాగితాలు ఎగరేశాడు. కత్తి మెరుపుకి చప్పట్లు కొట్టడం అలవాటైన హాలులో దానితో భయపెట్టడం కష్టం. ఈ తిరకాసుని కనిపెట్టి వాడుకున్నవాడు ప్రశాంత్ వర్మ. 2021లో వచ్చిన ఆయన 'జాంబీ రెడ్డి' రాయలసీమ ఫ్యాక్షన్ కుటుంబాల మధ్యకి జాంబీలని తోలింది. ఫ్యాక్షన్ సినిమాలో ఎంతమందిని నరికినా ఇంకా వస్తూనే ఉంటారే, వాళ్ళూ జాంబీలూ ఒకటేనన్న వేళాకోళం ఆ ఊహలోనే ఉంది. సినిమా అంతా ఆ ఎత్తులో నిలవదు. అయినా ఊహ మాత్రం పూర్తిగా మన మట్టిలోదే.

రెండో కారణం పెద్దది. మనకి ఉత్తినే చంపేవాడు అర్థం కాడు. ఎందుకు చంపుతున్నాడో చెప్పాలి. అన్యాయం జరిగి ఉండాలి. అంటే ఫ్లాష్‌బ్యాక్ ఉండాలి. అయినా మనవాళ్ళు ఆ దారికి అసలు రాలేదని కాదు. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ' స్లాషర్‌కి మన దగ్గరి చుట్టం. అడవిలో వరసగా మనుషులు చస్తుంటారు, పులి పని అనుకుంటారు. పక్షుల కూతల్లో సంగీతం వెతకడానికి భానుప్రియ ఆ అడవికి వస్తుంది. ఇళయరాజా వాయిద్యాలు ఆపేసిన చోట్ల కూడా భయం వేస్తుంది. చంపింది ఎవరో చెప్పను, ఇంకా చూడని కుర్రాళ్ళు వెనక నిలబడి ఉన్నారు. 'అల్లరి' లాంటి నవ్వుల సినిమాతో దర్శకుడైన రవిబాబు 2007లో 'అనసూయ' తీసి అందులో హంతకుడి వేషం తనే వేశాడు. నవ్వించడమూ తెలిసిన, కత్తి పట్టుకోవడమూ తెలిసిన ఆ మనిషి ఈ రెంటినీ ఒకే సినిమాలో కట్టిపడేసి ఉంటే చూడాలని నాకు చాలాకాలంగా ఆశ.

హాలోవీన్‌వాళ్ళు కూడా చివరికి కారణం చెప్పకుండా నిలబడలేదనుకోండి. 1981లో రెండో భాగం తీసినప్పుడు మొదటి భాగం కథానాయిక హంతకుడికి చెల్లెలని చుట్టరికం కలిపేశారు. ఆ మాటకొస్తే అది తెలుగు సినిమా పనే.

ఇక్కడ మన హారర్ కామెడీల అసలు రోగం దగ్గరికి వస్తున్నాను. తమిళంనుంచి 2005లో 'చంద్రముఖి', 2011లో లారెన్స్ 'కాంచన' వచ్చి మన హాళ్ళు నింపాయి. దెయ్యం పేరెత్తితే తల్లి చంకనెక్కే హీరో 'కాంచన'కి ప్రాణం. మీసాలున్న వీరుడు భయపడడం చూసి మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. 2013లో మారుతి కథతో 'ప్రేమకథా చిత్రమ్' వచ్చింది. అందులో ఊహ ఎంత చక్కనిదంటే, కలిసి ఆత్మహత్య చేసుకుందామని ఒక ఇంటికి వెళ్ళినవాళ్ళకి అక్కడ దెయ్యం ఎదురవుతుంది. చావాలని వచ్చినవాళ్ళు చావుకి భయపడి పరుగులు తీస్తారు. సప్తగిరి ఒక్కసారిగా ఇంటింటి నటుడైపోయాడు. ఖర్చు తక్కువ: ఒక ఇల్లు, నలుగురైదుగురు మనుషులు, రాత్రిపూట షూటింగు. నిర్మాతలు లెక్కలు చూసుకున్నారు. 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజు గారి గది', ఆ వెనక సీక్వెళ్ళు. కొన్నాళ్ళు ఊరి బయట అద్దెకిచ్చే పాతబంగళా ఉన్నవాడికి దశ తిరిగింది.

వీటిలో చాలావాటి నిర్మాణం ఒకటే. విశ్రాంతి వరకు హాస్యగాళ్ళు దెయ్యంచేత చెంపదెబ్బలు తింటారు. విశ్రాంతి తరవాత దెయ్యం కూర్చుని తన కథ చెబుతుంది. ఆ క్షణంనుంచి నవ్వు ఆగిపోతుంది. ఒక ఆడపిల్లకి ఘోరం జరిగిందని తెలిశాక ఎవరు నవ్వగలరు? అంతవరకు మనం నవ్వింది ఆమెని చూసేనని గుర్తొచ్చి ఇబ్బందిగా కూడా ఉంటుంది. ఇది ఇడ్లీ ఒక ప్లేటులో, చట్నీ పక్క టేబులు మీద పెట్టినట్టుంటుంది. రెండూ ఉన్నాయి, నోట్లో కలవవు. కాళ్ళు పొయ్యిలో పెట్టిన దెయ్యానికి ఈ ఇబ్బంది లేదు.

ఈ గుంపులోంచి బయటికొచ్చి నిలబడ్డది 2017 నాటి 'ఆనందో బ్రహ్మ'. మహి వి. రాఘవ్ దర్శకుడు. పునాది మాటే తిరగేశాడు: ఇక్కడ మనుషులంటే దెయ్యాలు భయపడతాయి. ఇల్లు అమ్ముకోవాలనుకునే యజమాని కోసం నలుగురు మనుషులు ఆ ఇంట్లో మకాం పెడతారు. వాళ్ళని తరిమేయాలని దెయ్యాలు నానా అవస్థా పడతాయి. వెన్నెల కిషోర్ పాత్రకి రేచీకటి, చెవుడు కూడా. దెయ్యం ఎదురుగా నిలబడి వికృతంగా మొహం పెడితే అతనికి కనబడదు, గావుకేక పెడితే వినబడదు. పాపం దెయ్యం ఏం చెయ్యాలి? లోపం ఉన్న మనిషిని చూసి నవ్వడం మన సినిమాకి పాత జబ్బే. ఇక్కడ మాత్రం ఆ లోపమే అతని కవచం, నవ్వులపాలయ్యేది దెయ్యం. తాగుబోతు రమేష్, షకలక శంకర్, శ్రీనివాసరెడ్డి ఎవరి అవస్థలో వాళ్ళుంటారు. బతుకు భయాలు ముందే ఉన్నవాళ్ళని కొత్తగా దెయ్యం ఏం భయపెడుతుంది! తమిళంలో దీన్నే 2019లో 'పెట్రోమాక్స్' పేరుతో మళ్ళీ తీశారు.

కొంచెం పక్కకి వెళ్ళి ఒక మాట చెప్పాలి. మన జిల్లాకి పైనున్న మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, అనుమానంతో మనుషులని చంపిన వార్తలు మీరూ చదివారు. అక్కడ దెయ్యం హాస్యం కాదు. ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు బలైపోయారు. అందుకని భూతవైద్యుణ్ణి మరీ శక్తిమంతుడిగా, పట్టిందల్లా నిజంగా దెయ్యమేనన్నట్టుగా చూపించే సినిమాకన్నా భూతవైద్యుడు బోర్లాపడే సినిమా నాకు ఎక్కువ ఇష్టం. నీతి కోసమని కాదు, బోర్లాపడ్డ భూతవైద్యుడు నిజంగానే బాగుంటాడు.

చివరగా మన పొరుగూరి సంగతి. 2025 మే 9న విడుదలైన 'శుభం' కథ భీమునిపట్నంలో జరుగుతుంది. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల, నిర్మాత సమంత. కేబుల్ టీవీ నడుపుకునే కుర్రాడికి పెళ్ళవుతుంది. రాత్రి సీరియల్ వేళయ్యేసరికి కొత్త పెళ్ళాం మనిషి మారిపోతుంది. కళ్ళు తెరకి అంటుకుపోతాయి, అడ్డమొచ్చినవాడికి మూడినట్టే. తీరా చూస్తే అతని స్నేహితుల ఇళ్ళలోనూ ఇదే వరస. మొగుడంటే పులిలా ఉండాలని ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్న మొగుళ్ళందరూ సోఫా వెనక నక్కుతారు. మాట మన ఉత్తరాంధ్ర మాట. సీరియల్ పాట మొదలవగానే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఆ దృశ్యంలో అతిశయోక్తి ఎంతో విడదీయడం కష్టం.

ఆ ఆడవాళ్ళని పట్టిన దెయ్యాలకి కావలసినది ఏమిటంటే, సీరియల్ ముగింపు. చూడకుండానే పోయారు, అదీ వాళ్ళ తీరని కోరిక. చంపినవాడు లేడు, ప్రతీకారం లేదు, కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ లేదు. అందుకే విశ్రాంతి తరవాత కూడా నవ్వు ఆగదు. ఏళ్ళ తరబడి సాగే సీరియల్‌కి ముగింపు ఎక్కడినుంచి తేవాలో మొగుళ్ళకి తెలియదు. సినిమాలో లోపాలున్నాయి, నడక కొన్నిచోట్ల నెమ్మదిస్తుంది. కాని దెయ్యం బాధ న్యాయమైనదిగా ఉంటూనే నవ్వుకి తగినదిగా కూడా ఉండొచ్చని అది రుజువు చేసింది. ఆ ముడి విప్పడానికి మనకి 'జగన్మోహిని'నుంచి నలభై ఏడేళ్ళు పట్టింది.

స్లాషర్ ముడి ఇంకా అలాగే ఉంది. వెనక నిలబడ్డ కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురు షార్ట్ ఫిల్ములు తీస్తున్నారని నాకు తెలుసు. సెకండ్ షో అయిపోయాక తాళాలు వేసిన హాలు, లోపల మిగిలిపోయిన నలుగురు, ముసుగులో ఒకడు. వాడి చేతిలో చెరకు నరికే కత్తి పెట్టండి, ఈ ఊళ్ళో అది ప్రతి రైతింట్లోనూ ఉంటుంది. ఎందుకొచ్చాడో మాత్రం మాకు చెప్పకండి. చెప్పకుండా హాలుని నవ్వించగలిగితే మొదటి ఆటకి నాకు కబురు పెట్టండి, టిక్కెట్టు కొనుక్కునే వస్తాను.

ప్రశ్నలుంటే అడగండి. 'అన్వేషణ'లో హంతకుడెవరని మాత్రం అడగొద్దు.